వెనక బెర్తుల్లో ఎక్కని చార్జింగు: ఒక స్లీపర్ బస్సు కేస్ స్టడీ

విజయవాడ నుంచి బెంగళూరుకు రాత్రిపూట తిరిగే ఒక ప్రైవేటు స్లీపర్ బస్సు ఆటోనగర్‌లోని మా షాపుకు వచ్చింది. పన్నెండు మీటర్ల బాడీ. డ్రైవరు వైపు జంట బెర్తులు, రెండో వైపు ఒంటి బెర్తులు, పైనా కిందా కలిపి 30 మందికి చోటు. ప్రతి ఒక్కరి తల దగ్గర ఒక రీడింగ్ లైటు, దాని పక్కనే ఒక టైప్-ఎ యూఎస్‌బీ పోర్టు. ఇంజను, బ్రేకులు, ఏసీ అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఫిర్యాదు ఒక్కటే: ఫోన్లు చార్జ్ కావడం లేదు.

కావడం లేదన్న మాటలోనూ రకాలున్నాయి. ముందు వరుసలవాళ్లు నిదానంగా ఎక్కుతోందంటారు. మధ్య వరుసలవాళ్లకు పదింటి వరకూ ఎక్కి, బస్సు నిండాక ఆగిపోతోంది. చివరి వరుసలో బ్యాటరీ బొమ్మ మీద మెరుపు గుర్తు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. తెల్లవారి చూస్తే మాత్రం పడుకునేటప్పుడు ఉన్నదానికన్నా రెండు మూడు శాతం తక్కువే ఉంటుంది. చార్జింగ్ పాయింట్లు అలంకారానికి పెట్టారని టికెట్ల యాప్‌లో ఎవరో రాశారు. ఓనరు గారికి ఆ మాట బాగా గుచ్చుకుంది.

ఆయన అప్పటికే బాడీ కట్టినవాళ్ల దగ్గరికి ఒకసారి తీసుకెళ్లారు. వాళ్లు మీటరు పెట్టి 30 పోర్టులూ చూశారు. అన్నిటిలోనూ 5.08 వోల్టులే. పోర్టుల్లో ఏ లోపమూ లేదని, ప్రయాణికుల కేబుళ్లే నాసిరకమని చెప్పి పంపేశారు. ఓనరు గారు ఆ జవాబుతో సరిపెట్టుకోలేదు, కానీ తనకు తానే ఒక పరిష్కారం ఖాయం చేసుకుని వచ్చారు. "పెద్ద కన్వర్టర్ వేసేయండి మేస్త్రీ గారూ, ఉన్నదానికి శక్తి చాలడం లేదు" అన్నారు. డబ్బు పెట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి వద్దని చెప్పడం మా పనిలో అంత సులభం కాదు. కొలిచి చూశాక మాట్లాడుకుందామన్నాను.

ఖాళీ పోర్టు దగ్గర 5 వోల్టులు

బాడీ షాపువాళ్ల మీటరు అబద్ధం చెప్పలేదు, నిజం ఏమీ చెప్పలేదు కూడా. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా పది మెగా ఓమ్‌లు ఉంటుంది. 5 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు అర మైక్రో ఆంపియరు. అంత తక్కువ కరెంటుకు వెంట్రుక మందం వైరులోనైనా, తుప్పు పట్టిన జాయింటులోనైనా డ్రాప్, అంటే దారిలో వోల్టేజీ తగ్గడం, కనిపించదు. ఫోను అడిగేది దానికి పది లక్షల రెట్లకు పైన. అందుకే లోడు, అంటే కరెంటు లాగే వస్తువు, లేకుండా తీసిన రీడింగును మా షాపులో కాగితం మీద రాయనివ్వను. రాస్తే అదే నిజమై కూర్చుంటుంది.

ముందు వైరింగు ఎలా వెళ్లిందో చూశాను. డ్రైవరు క్యాబిను గోడ వెనక 24 వోల్టుల నుంచి 5 వోల్టులు చేసే కన్వర్టర్ ఒకటి, దాని మీద 30 ఆంపియర్లని ముద్ర. అక్కడి నుంచి రెండు లైన్లు బయలుదేరి, చెరో వైపు వెనక దాకా వెళ్లాయి. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, పాజిటివ్‌కు ఒకటి, నెగటివ్‌కు ఒకటి. ప్రతి వరుస దగ్గరా వైరు పొర చీల్చి, సన్నటి 0.5 వైరు చుట్టి, టేపు వేసి బెర్తు దాకా లాగారు. డ్రైవరు వైపు లైను మీద 20 పోర్టులు, ఒంటి బెర్తుల వైపు 10. కన్వర్టర్ నుంచి మొదటి వరుస రెండున్నర మీటర్ల దూరం, అక్కడి నుంచి వరుసకూ వరుసకూ మధ్య 1.9 మీటర్లు. అయిదో వరుస దగ్గరికి వచ్చేసరికి పది మీటర్లు దాటుతుంది.

పది మీటర్లంటే ఎంత, అనిపిస్తుంది. 24 వోల్టుల లైట్లకైతే లెక్కలోకి రాని దూరమే. 5 వోల్టులకు మాత్రం అది చాలా దూరం. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం పోర్టు దగ్గర వోల్టేజీ 4.75 కన్నా తగ్గకూడదు. అంటే 5 నుంచి దారి ఖర్చుకు మనకున్నది పావు వోల్టు మాత్రమే. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు 11.5 మిల్లీ ఓమ్‌లు. వెళ్లేదీ వచ్చేదీ కలిపితే 23. అంటే ఆ లైనులో పది ఆంపియర్లు వెళితే మీటరుకు 0.23 వోల్టులు పోతాయి. మొదటి మీటరు దాటేసరికే ఖాతా దాదాపు ఖాళీ.

లోడు పెట్టి చూస్తే

నా దగ్గర ఒక సాధనం ఉంది, ఖరీదు చెబితే నవ్వుతారు. పాత కేబుళ్ల నుంచి కోసిన యూఎస్‌బీ ప్లగ్గుకు పది ఓమ్‌ల, 5 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టరు టంకం వేసి పెట్టుకున్నాను. 5 వోల్టుల దగ్గర అది అర ఆంపియరు లాగుతుంది, రెండున్నర వాట్లు. ఫోను లాగే కరెంటు బ్యాటరీ శాతాన్ని బట్టి, వేడిని బట్టి మారుతుంటుంది. రెసిస్టరుకు అలాంటి మనోభావాలు లేవు. ఇలాంటివి ఒక సంచి నిండా ఉన్నాయి. బస్సులో 30 పోర్టులకూ ఇవే గుచ్చి, ఇంజను స్టార్ట్ చేసి, పోర్టు పోర్టుకూ కొలుచుకుంటూ వెళ్లాను.

డ్రైవరు వైపు వచ్చిన రీడింగులు ఇవి. కన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర 5.05. మొదటి వరుస పోర్టుల్లో 4.53, రెండో వరుసలో 4.25, మూడో వరుసలో 4.05, నాలుగో వరుసలో 3.91, అయిదో వరుసలో 3.85.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, కన్వర్టర్‌కు ఏ పాపమూ తెలియదు. రెండు లైన్లకూ కలిపి అది ఇస్తున్నది 13 ఆంపియర్ల లోపు. దాని సామర్థ్యంలో సగం కూడా కాదు, టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చెక్కు చెదరలేదు. దాని బదులు 60 ఆంపియర్లది తెచ్చి పెట్టినా అయిదో వరుసలో ఇదే 3.85 వచ్చేది. ఓనరు గారిని పిలిచి మీటరు పిన్నులు ముందు కన్వర్టర్ మీద, తర్వాత చివరి పోర్టు మీద పెట్టి చూపించాను. పెద్ద కన్వర్టర్ మాట ఆ తర్వాత ఆయన ఎత్తలేదు.

రెండోది, ఫిర్యాదులు వచ్చేది వెనక నుంచి, నష్టం ఎక్కువగా జరుగుతున్నది ముందు. కన్వర్టర్ నుంచి మొదటి వరుస దాకా ఉన్న రెండున్నర మీటర్లలోనే దాదాపు అర వోల్టు పోయింది. నాలుగు, అయిదు వరుసల మధ్య పోయింది 0.06 మాత్రమే. 20 మంది కరెంటూ ఆ మొదటి ముక్కలోంచే వెళ్లాలి కదా. కృష్ణా డెల్టా శివారు భూములవాళ్లను అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెబుతారు. కాలువ చివర నీళ్లు రాకపోతే చివర తవ్వి లాభం లేదు. చాలామంది వెనక రెండు మూడు పోర్టులకు మాత్రం మందపాటి వైరు వేసి చూస్తారు. దానితో ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు.

నిజంగా ఫోను పెట్టినప్పుడు వోల్టేజీ 3.85 దాకా పడిపోదు. చాలా ఫోన్లలోని చార్జింగ్ చిప్పు, వచ్చే వోల్టేజీ 4.4, 4.5 దరిదాపులకు దిగగానే తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. బలహీనమైన పోర్టును పూర్తిగా కుంగదీయకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. ముందు వరుసలవాళ్లు పడుకునే ముందు ఫోన్లు పెట్టగానే వెనకవాళ్ల వోల్టేజీ ఆ గీతకు చేరుతుంది. అక్కడి ఫోన్లు 0.15 ఆంపియర్లకు దిగిపోతాయి, అంటే ముప్పాతిక వాటు కూడా కాదు. రాత్రంతా వీడియోలు, లొకేషను, టవరు మారినప్పుడల్లా సిగ్నల్ వెతుకులాట. రాబడి కన్నా ఖర్చు ఎక్కువ. మెరుపు గుర్తు వెలుగుతూనే శాతం తగ్గడానికి కారణం ఇదే.

ఒంటి బెర్తుల వైపు కథ కొంచెం వేరు. పది పోర్టులే కాబట్టి లెక్క ప్రకారం చివర 4.36 రావాలి. వచ్చింది 4.13. ఇలాంటి తేడాను వదిలేయకూడదు. కాగితం మీద లెక్క వేసుకోకుండా వెళ్లి ఉంటే 4.13 కూడా మామూలుగానే కనిపించేది. వరుస వరుసకూ చూస్తే మొదటి వరుసలో 4.75, రెండో వరుసలో 4.34. ఆ రెంటి మధ్య 0.15 పోవాల్సిన చోట 0.4 పోయింది. పరుపు తీసి, ప్లైవుడ్ పలక ఎత్తి చూస్తే రెండో వరుసకు కాస్త ముందు లైను మధ్యలో ఒక జాయింటు. రెండు వైర్లు వేళ్లతో మెలితిప్పి టేపు చుట్టారు. లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు తొడుగు) లేదు, టంకం లేదు. టేపు జిగురు కరిగి కారి, దానికి దుమ్ము, దుప్పటి నూలు అంటుకున్నాయి. టేపు విప్పితే రాగి నల్లగా ఉంది. ఆ ఒక్క జాయింటు మీదే 0.27 వోల్టులు.

0.27 వోల్టులు, 3.4 ఆంపియర్లు. గుణిస్తే 0.9 వాటు. వినడానికి చిన్న సంఖ్యే, కానీ అది బొటనవేలంత చోట, గాలి ఆడని పలక కింద, ఫోము పరుపు పక్కన పుడుతున్న వేడి. వేడికి రాగి ఇంకా నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. 2013లో పాలెం దగ్గర, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సులు కాలిపోయాక మన ఓనర్లందరికీ వైరింగంటే భయం పట్టుకుంది. ఆ రెండు ప్రమాదాలూ మొదలైంది చార్జింగు వైర్ల వల్ల కాదు. అయినా ఈ భయం మంచిదే అనుకుంటాను. ఈ లైనుకు కన్వర్టర్ తర్వాత ఫ్యూజు అనేదే లేదు. ఎక్కడైనా షార్టయితే 30 ఆంపియర్లు ఇవ్వగల కన్వర్టర్ తన 30 ఆంపియర్లనూ ఆ చోటికే పంపుతుంది.

వోల్టేజీ ఉన్నా కరెంటు రాని చోట

వైరు సంగతి తేలింది. కానీ ముందు వరుసవాళ్లు బస్సు ఖాళీగా ఉన్నప్పుడు కూడా నిదానమే అంటున్నారు. దానికి వైరు జవాబు చెప్పదు. రెసిస్టర్లన్నీ తీసేసి, మొదటి వరుసలో ఒకే ఒక్క ఫోను పెట్టి, మధ్యలో యూఎస్‌బీ టెస్టరు గుచ్చాను. వోల్టేజీ 4.98. కరెంటు 0.46. ఫోను బ్యాటరీ 20 శాతమే ఉంది, ఆకలితోనే ఉంది. అదే ఫోను, అదే కేబులు మా షాపు అడాప్టరుకు పెడితే ఒకటిన్నర ఆంపియర్లు లాగుతోంది.

టెస్టరు చూసేటప్పుడు నేను పట్టుకునే ఆనవాలు ఇది. కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ కుంగుతుంటే తప్పు దారిలో ఉంది: వైరు, జాయింటు లేదా కేబులు. వోల్టేజీ నిటారుగా నిలబడి కరెంటు మాత్రం అర ఆంపియరు దగ్గర మొండికేస్తే తప్పు మాటల్లో ఉంది: తాను ఎంత ఇవ్వగలదో పోర్టు ఫోనుకు చెప్పడం లేదు. ప్లగ్గును వేలితో కదిపినప్పుడు రెండూ గెంతుతుంటే పోర్టు లోపలి రేకులు వదులయ్యాయి.

ఇక్కడ రెండోది. టైప్-ఎ పోర్టులో నాలుగు రేకులుంటాయి. అటూ ఇటూ ఉన్న రెండు కరెంటువి, మధ్యలోని రెండు సమాచారానివి: డి ప్లస్, డి మైనస్. చార్జింగుకు మాత్రమే వాడే పోర్టులో ఆ మధ్య రేకులు రెంటినీ ఒకదానికొకటి కలిపేయాలని 2010 నాటి బ్యాటరీ చార్జింగ్ ప్రమాణం 1.2 చెబుతుంది. అవి కలిసి ఉన్నాయని ఫోను గుర్తిస్తే, ఇది కంప్యూటరు కాదు, చార్జరే అని తేల్చుకుని 1.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆపిల్ పద్ధతి వేరు. ఆ రెండు రేకుల మీద నిర్ణీత వోల్టేజీలు ఉండాలి. రెంటి మీదా 2.7 వోల్టులు ఉంటే 2.4 ఆంపియర్ల చార్జరని అర్థం. ఏ సంకేతమూ దొరకని ఫోను సాధారణంగా జాగ్రత్తకు పోయి 500 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు హద్దు అదే.

బెర్తు పక్కన ప్యానెలు విప్పి చూస్తే పోర్టు వెనక రెండు వైర్లే టంకం వేసి ఉన్నాయి, ఎరుపు, నలుపు. మధ్య రెండు కాళ్లూ గాలిలో ఉన్నాయి. 30 పోర్టులదీ అదే తీరు.

ఇక్కడే ఉచ్చు ఉంది. ఆ రెండు కాళ్ల మధ్య చుక్క టంకం వేస్తే చాలు, ముందు వరుస ఫోను అప్పటికప్పుడు ఒకటిన్నర ఆంపియర్లకు ఎగబాకుతుంది. అయిదు నిమిషాల పని, ఓనరు కళ్ల ముందే ఫలితం. కానీ డ్రైవరు వైపు 20 పోర్టులకూ అలా చేస్తే లైను మీద కోరిక పది ఆంపియర్ల నుంచి 30కి పోతుంది. ముందువాళ్లు మూడింతలు లాగుతారు, వెనకవాళ్లకు ఇప్పుడు వస్తున్న ఆ కాస్తా పోతుంది, ఒంటి బెర్తుల వైపూ అలాగే చేస్తే ఆ టేపు జాయింటు మీద వేడి ఇంకా పెరుగుతుంది. ఈ బస్సులో రెండో తప్పే ఇన్నాళ్లూ మొదటి తప్పును కాస్తూ వచ్చింది. దారి బాగుచేయకుండా సంకేతం ముట్టుకోకూడదు.

మూడో ఆనవాలు కూడా కొన్ని చోట్ల కనిపించింది. పై బెర్తుల పోర్టుల్లో ప్లగ్గు పట్టు వదిలేసింది. పడుకున్న మనిషి కేబులును కిందికో పక్కకో లాగుతూ ఫోను చూస్తాడు, రేకుల స్ప్రింగు ఒకవైపుకు అరుగుతుంది. ప్రమాణం ప్రకారం టైప్-ఎ పోర్టు 1,500 సార్లు పెట్టి తీయడానికి తట్టుకుంటే చాలు. రోజూ తిరిగే బస్సులో రాత్రికి రెండు మూడు సార్లంటే రెండేళ్లలో ఆ లెక్క పూర్తవుతుంది. టైప్-సికి ఆ సంఖ్య 10,000. ఒక పోర్టులో బిస్కెట్టు పొడి, ఇంకో దాంట్లో ఎండిన టీ మరక. వాటిని శుభ్రం చేయడం దండగ, ఎలాగూ తీసేసేవే.

ఎంచుకున్న దారి, వదిలేసిన దారులు

మా షాపులో ఒక కుర్రాడు కన్వర్టర్ మీది చిన్న స్క్రూ చూపించి, దాన్ని తిప్పి 5.6 దాకా పెంచితే వెనకవాళ్లకు సరిపోతుంది కదా అన్నాడు. చాలా బస్సుల్లో ఇలా తిప్పి వదిలినవి చూశాను. బస్సు నిండా ఫోన్లుంటే వెనక కొంత మేలే. అర్ధరాత్రి అందరి ఫోన్లూ నిండి, ముందు వరుసలో ఒక్కటే మిగిలితే ఆ ఒక్క ఫోనుకు నేరుగా 5.6 వెళుతుంది. మంచి ఫోను తట్టుకుంటుంది. చవక ఇయర్‌ఫోన్ల డబ్బా, పిల్లల వాచీ తట్టుకుంటాయని నేను హామీ ఇవ్వలేను.

మందం పెంచితే? ఒక్కో పోర్టుకు 1.5 ఆంపియర్లు ఇవ్వాలంటే డ్రైవరు వైపు లైనులో 30 ఆంపియర్లు. డ్రాప్ పావు వోల్టు దాటకూడదంటే లెక్క 26 స్క్వేర్ ఎంఎం దగ్గర తేలింది. అది వెల్డింగు కేబులు మందం. బెర్తు పలకల సందుల్లో దాన్ని దూర్చడం, ప్రతి వరుస దగ్గరా దాన్ని చీల్చి కొమ్మ తీయడం ఎవరివల్లా కాదు.

కాబట్టి మిగిలిన దారి ఒక్కటే: బస్సు పొడవునా 24 వోల్టులే పంపి, 5 వోల్టులను బెర్తు దగ్గరే తయారు చేయడం. ఇంజను తిరుగుతున్నప్పుడు లైనులో 27కు పైనే ఉంటుంది. అదే వాట్లకు కరెంటు అయిదో వంతుకు పడిపోతుంది. పైగా దారిలో ఒక వోల్టు పోయినా బాధ లేదు, బెర్తు దగ్గరి చిన్న కన్వర్టర్ 26 నుంచీ 5 చేస్తుంది, 22 నుంచీ 5 చేస్తుంది. 5 వోల్టులకు పనికిరాని ఆ 1.5 వైరే దీనికి చాలు. లైను వైరు మార్చాల్సిన అవసరమే రాలేదు.

ఓనరు గారు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేశారు. 12 వోల్టుల మాడ్యూళ్లు (బెర్తు దగ్గర పెట్టే చిన్న కన్వర్టర్లు) చవక, బస్సులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి కదా, ఒక దాని మీద నుంచి తీసుకుంటే పోదా? మ్యూజిక్ సిస్టం కోసం ఇలా చేసిన బస్సులు ఆటోనగర్‌లో కోకొల్లలు. రెండు బ్యాటరీలూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు రెంటినీ కలిపే చార్జ్ చేస్తుంది. ఒకదాని నుంచే రోజూ లాగితే అది ఎప్పుడూ అరకొరగా ఉంటుంది, రెండోది అవసరానికి మించి చార్జయి నీళ్లు ఎండిపోతుంది. మాడ్యూళ్ల మీద మిగిలిన డబ్బు బ్యాటరీల జత కింద పోతుంది.

ఫాస్ట్ చార్జింగు పెట్టించి బస్సు మీద రాయించుకోవాలని కూడా ఆయనకు ఉంది. నేను ఒప్పుకోలేదు. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. పది వాట్లు నికరంగా వస్తే నష్టాలు కలుపుకున్నా మూడు గంటల్లోపు నిండుతుంది. విజయవాడ నుంచి బెంగళూరుకు పదకొండు, పన్నెండు గంటల దారి. నిద్రపోతున్న మనిషి దుప్పటి కింద ఫోనును హడావుడిగా వేడెక్కించడం ఎవరికి కావాలి? సిటీలో గంటసేపు తిరిగే బస్సుకైతే నా జవాబు వేరుగా ఉండేది.

మాడ్యూళ్లు ఎంచడంలో మాత్రం చాలా సమయం పెట్టాను. ఒక్కోదానిలో ఒక టైప్-ఎ, ఒక టైప్-సి, రెంటికీ కలిపి 15 వాట్లు. నమూనాగా వచ్చినవాటిని విప్పి చూశాను. అట్ట మీద 12–24 వోల్టులని ఉన్న ఒక రకంలో లోపలి చిప్పు హద్దు 30 వోల్టులే. 28 వోల్టులకు చేరే బస్సు లైను మీద అది అంచున నిలబడ్డట్టే. బ్యాటరీ లగ్గు వదులై, ఇంజను తిరుగుతుండగా తెగిందంటే ఆల్టర్నేటరు నుంచి క్షణకాలం వంద వోల్టులు దాటే తరంగం రావచ్చు. అందుకని 60 వోల్టుల దాకా తట్టుకునే చిప్పున్న, లారీల కోసం అమ్మే రకం తీసుకుని, ఫ్యూజు పెట్టె దగ్గర అలాంటి తరంగాన్ని మింగే డయోడు ఒకటి అదనంగా వేశాను.

ఇంకో నమూనాలో టైప్-సి రంధ్రం ఉంది, దానికి రెండు చివరలా టైప్-సి ఉన్న కేబులు పెడితే ఫోను అసలు ఉలకదు, పలకదు. టైప్-సిలో చార్జరు ఉన్నట్టు ఫోనుకు తెలియాలంటే సీసీ అనే కాళ్ల మీద నిరోధాలు ఉండాలి. 5 వోల్టులకు కట్టిన 22 కిలో ఓమ్‌ల నిరోధం 1.5 ఆంపియర్లని చెబుతుంది, 10 కిలో ఓమ్‌లది 3 ఆంపియర్లని చెబుతుంది. ఆ మాడ్యూల్లో అవి లేనే లేవు, పైసా ఖరీదు చేసే రెండు నిరోధాలు మిగుల్చుకున్నారు. టైప్-ఎ నుంచి టైప్-సికి వెళ్లే కేబులుతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం ఎప్పటికీ దొరకదు.

వైరింగులో మార్పులు తక్కువే. డ్రైవరు వైపు పాత లైనును కింది బెర్తులకు ఉంచి, పై బెర్తులకు కొత్తగా ఒక లైను లాగాం. దాంతో మూడు లైన్లు, ఒక్కో దాని మీద పది మాడ్యూళ్లు. అన్నీ పూర్తి శక్తితో పనిచేసినా లైనుకు ఆరున్నర ఆంపియర్ల లోపే. ఒక్కో లైనుకు మొదట్లోనే 10 ఆంపియర్ల ఫ్యూజు. కానీ 10 ఆంపియర్ల ఫ్యూజు బెర్తు దాకా వెళ్లే 0.5 సన్న వైరుకు నమ్మకమైన కాపలా కాదు, అందుకే ప్రతి మాడ్యూలు ముందూ 2 ఆంపియర్ల చిన్న ఫ్యూజు. మెలితిప్పిన జాయింట్లన్నీ కోసేసి, గొట్టం లగ్గులతో నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు వేశాం. తాళం తిప్పితేనే వచ్చేలా సరఫరాను రిలే ద్వారా ఇగ్నిషన్‌కు కట్టాం, లేకపోతే డిపోలో ఆగిన బస్సు బ్యాటరీలను ఈ 30 మాడ్యూళ్లూ కొద్దికొద్దిగా తాగుతూ కూర్చుంటాయి. పాత 30 ఆంపియర్ల కన్వర్టర్‌ను తీసి ఓనరు గారికే ఇచ్చేశాను.

ఆ తర్వాత కొలతలు, ఒక కొత్త గొడవ

అవే రెసిస్టర్లు మళ్లీ గుచ్చాం. మొదటి వరుసలోనూ అయిదో వరుసలోనూ టైప్-ఎ పోర్టుల్లో 5 వోల్టులకు అటూ ఇటూ 0.02 వోల్టులకు మించి తేడా లేదు. తర్వాత ఒక్కో పోర్టుకు ఒకటిన్నర ఆంపియర్ల లోడు పెట్టి చూస్తే ఫ్యూజు పెట్టె దగ్గర 27.4, చివరి వరుస మాడ్యూలు ముందు 26.9. ఆ అర వోల్టు నష్టం మాడ్యూలుకు తెలియనే తెలియదు. ఇందాకటి ఫోను చివరి పై బెర్తులో 1.5 ఆంపియర్లు లాగింది.

గంటసేపు అన్నిటినీ లోడుతో వదిలేసి, చేత్తో ముట్టుకుంటూ వెళ్లాను. ఒక కింది బెర్తులో మాడ్యూలు పక్కవాటికన్నా బాగా వేడిగా తగిలింది. పలక వెనక ఫోము దాన్ని గట్టిగా అదిమి ఉంది. ఫోమును అరచేతి మేర కోసి గాలికి చోటు వదిలాక మామూలైంది. కొత్త ఇళ్ల స్విచ్ బోర్డుల్లో పెట్టే యూఎస్‌బీ మాడ్యూళ్లతో కూడా ఇదే తంటా. అక్కడ 5 వోల్టులు బోర్డులోనే పుడతాయి కాబట్టి వైరు డ్రాప్ ఉండదు. కానీ గోడ పెట్టెలో వేడి పోయే దారి లేక మాడ్యూలు తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. రెండు రంధ్రాలకూ కలిపి ఇచ్చిన ఆంపియర్లను జనం ఒక్కో దానికి అనుకుంటారు.

బస్సు వెళ్లిన మర్నాడు డ్రైవరన్న ఫోను చేసి, చార్జింగు బాగుంది గానీ రేడియోలో గరగర మొదలైందన్నాడు. ఇది ఊహించని గొడవేమీ కాదు. ఒక కన్వర్టర్ ఉన్న చోట 30 వచ్చాయి, ఒక్కొక్కటీ సెకనుకు లక్షల సార్లు కరెంటును తెరిచి మూసేదే. కొత్తగా లాగిన పై బెర్తుల లైనును మావాళ్లు రేడియో ఏరియల్ వైరుతో కలిపి ఒకే కట్టగా బిగించారు. దాన్ని విడదీసి అటువైపు మళ్లించి, మూడు లైన్లకూ మొదట్లో రొదను అణిచే ఫెర్రైటు రింగులు తొడిగితే ఎఫ్ఎం శుభ్రమైంది. ఏఎంలో సన్నటి గీర ఇంకా ఉంది. డ్రైవరన్న ఏఎం వినడు కాబట్టి దాన్ని అక్కడితో వదిలేశాం.

ఒక రెసిస్టరు ప్లగ్గు, చిన్న యూఎస్‌బీ టెస్టరు క్లీనరు కుర్రాడికి ఇచ్చాను. నెలకోసారి 30 పోర్టులకూ గుచ్చి, 4.9 కన్నా తక్కువ వచ్చిన బెర్తు నంబరు నాకు పంపమన్నాను. ఇప్పటిదాకా ఒక్కటే పంపాడు, అందులో ఎవరో అగ్గిపుల్ల ముక్క ఇరికించారు.

అదే ఓనరు గారి రెండో బస్సు ఇప్పుడు షాపులో ఉంది. వేరే చోట కట్టిన బాడీ. అందులో నెగటివ్ వైరు అసలు లాగలేదు, ప్రతి వరుస దగ్గరా బాడీకే ఎర్త్ చేశారు. నాలుగో వరుసలో ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకకుండానే లగ్గు బిగించారు, లోడు పెడితే అక్కడ ఒక్కచోటే 0.6 వోల్టులు పోతోంది. పెయింటు గీకి బిగించాం, ప్రస్తుతానికి నడుస్తుంది. దానికి కూడా వైర్లు లాగి 24కు మార్చడానికి మాడ్యూళ్లు ఆర్డరు పెట్టాం.